శనివారం శ్రద్ధాంజలి, ఆదివారం సముద్రస్నానం

వారాంతంలో విదేశానికి ఎగిరిపోయి, అక్కడ బైకు కిరాయికి తీసుకొని, యుద్ధ స్మారకాలు చుట్టి రావడాన్ని ఇప్పుడు వీరులకు నివాళి అంటున్నారు. శుక్రవారం రాత్రి శంషాబాద్‌లో విమానం, శనివారం పొద్దున బ్యాంకాక్‌లో బైకు, మధ్యాహ్నానికి కాంచనబురి యుద్ధ శ్మశానం, సాయంత్రం క్వై నది వంతెన, ఆదివారం హువా హిన్ బీచి, సోమవారం ఆఫీసు. ఇందులో నివాళి వాటా అరగంట, అదీ హెల్మెట్ మీద కెమెరా తిరుగుతుండగా. పెళ్లికి పోయి నాలుగు అక్షింతలు విసిరి భోజనాల వైపు నడిచినట్టుంటుంది వ్యవహారం. సరదాగా తిరిగొచ్చామంటే ఎవరూ కాదనరు. జీతం వాళ్లది, పెట్రోలు వాళ్లది, నడుంనొప్పీ వాళ్లదే. చరిత్రకు మొక్కి వచ్చామంటేనే పేచీ.

ముందు ఆ వంతెన సంగతే చూడండి. క్వై నది వంతెన పేరు లోకానికి ఎక్కించింది 1957 నాటి హాలీవుడ్ సినిమా. దాన్ని తీసింది శ్రీలంకలో. సినిమా చూసినవాళ్లు ఆ వంతెనను వెతుక్కుంటూ థాయిలాండ్ వచ్చారు. తీరా అది ఉన్నది మే క్లాంగ్ నది మీద. అంత దూరం వచ్చినవాళ్లను నిరాశపరచడం ఎందుకని 1960 ప్రాంతంలో నదికే పేరు మార్చేశారు. సినిమాకు సెట్టు వేయడం మనకు కొత్త కాదు గానీ, పారే నదిని సెట్టులో కలిపేసిన ఘనత వాళ్లదే. వంతెనలో విల్లులా వంగిన ఇనుప దూలాలు పాతవి. బాంబులకు కూలినచోట యుద్ధం తర్వాత బిగించినవి నలుపలకలుగా ఉంటాయి. పాతదేదో కొత్తదేదో చూసుకునే తీరిక సెల్ఫీకి ఉండదు.

ఇక శ్మశానం. కత్తిరించిన పచ్చిక, దాని మీద వరుసలు తీరిన దాదాపు 7,000 సమాధులు, ఒక్కోదాని మీద పేరు, పటాలం, చనిపోయిన తేదీ ఉన్న పలక. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం ఇప్పటికీ డబ్బు పెట్టి చూసుకుంటుంది. ఆ వంతెన ఉన్న బర్మా-సయాం రైలుమార్గం 415 కిలోమీటర్లు; 1942, 43లలో జపాన్ సైన్యం దాన్ని వేయించినప్పుడు సుమారు 12,000 మంది మిత్రపక్ష యుద్ధఖైదీలు చనిపోయారు. ఖైదీల జాబితాలను వాళ్ల అధికారులు జపాన్ వాళ్ల కంట పడకుండా దాచారు, యుద్ధం ముగియగానే ఆ దారి పొడవునా వెతికి సమాధులు గుర్తించారు. అదే పనిలో చచ్చిపోయిన ఆసియా కూలీలు దాదాపు 90,000 మంది అని అంచనా. మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన తమిళులు, వాళ్లతోపాటు తెలుగువాళ్లు కూడా అందులో ఉన్నారు. కలరా వచ్చినచోటే పూడ్చేశారు, కాల్చేశారు. వాళ్లకు హాజరుపట్టీ లేదు, కనుక పలక లేదు. వంతెన దగ్గర 1944లోనే కట్టిన ఓ స్మారకం కూలీలనూ తలుచుకుంటుంది. కట్టించింది ఎవరనుకున్నారు, జపాన్ సైన్యమే! రైడరు చేతిలోని మ్యాపు రాయి ఉన్నచోటికి తీసుకెళుతుంది. రాయి, రిజిస్టరు ఉన్నవాడికే దక్కింది. మన తెలుగు కుర్రాడు ఇన్ని వేల కిలోమీటర్లు పోయి, తన భాష మాట్లాడినవాళ్లు తప్ప మిగతా అందరి ముందూ తల వంచి వస్తున్నాడు.

అసలు పోకపోవడం కంటే అరగంటైనా మేలు కదా అంటారు. మేలే, ఆ అరగంట ఒక్క ప్రశ్ననైనా పుట్టిస్తే. అయితే వీడియోల్లో ఎక్కువగా వినిపించేది మలుపుల గురించీ మైలేజీ గురించీ. స్మారకాలు నిలిచేది పర్యాటకుల డబ్బుతోనే అన్నది రెండో వాదన. శ్మశానానికి టికెట్టు లేదు. డబ్బు పోయేది బైకు షాపుకీ హోటలుకీ. కాస్త బరువున్న వాదన మూడోది: ప్రపంచయుద్ధం ముందు మన ఊళ్ల గొడవలు ఏపాటివి? సరే, కొలుద్దాం. విమానాశ్రయం వైపు తిప్పిన బండినే మన ఊళ్ల వైపు తిప్పితే పరకాల. 1947 సెప్టెంబర్ 2న అక్కడ జాతీయ జెండా ఎత్తడానికి వచ్చిన జనం మీద నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. అమరధామం ఉంది, శిల్పాలున్నాయి. మరో పక్క బైరాన్‌పల్లి. 1948 ఆగస్టు 27న బురుజెక్కి రజాకార్లను ఎదిరించిన ఊరు. చనిపోయినవాళ్లు ఎందరంటే ఒకరు 96 అంటారు, ఒకరు 118 అంటారు. ఇక్కడా రిజిస్టరు రాసినవాడు లేడు. ఆ బురుజు ఇంకా నిలిచే ఉంది. పాస్‌పోర్టు అడగదు, అదే దాని లోపం కాబోలు.

సముద్రం కూడా ఉండాల్సిందే అంటే విశాఖ ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు దాని మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఆ తీరానికి దగ్గర్లోనే. ఆర్కే బీచిలో విజయస్మారకం, కురుసుర జలాంతర్గామి మ్యూజియం రోడ్డు పక్కనే ఉంటాయి. ఘాట్ రోడ్డు కూడా కావాలంటే అరకు దూరమేం కాదు.

ఇంత చెప్పినా థాయిలాండే పోతామంటే హాయిగా పోయి రండి. వీడియోకు మాత్రం ‘వీరులకు వందనం’ అని కాకుండా ‘థాయిలాండ్‌లో రెండు రోజులు’ అని పేరు పెట్టండి, లైకులేమీ తగ్గవు. హువా హిన్‌లో రొయ్యలు తాజాగా దొరుకుతాయట. ఆ సంగతి ఇంకో పది నిమిషాలు చెప్పినా వింటాం.