అడుగుకో అడ్డు!

65 ఏళ్లు దాటినా వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడం లాంటి వ్యాయామం చేయాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. దానికేం, బందరు కోనేరు సెంటర్లో రోడ్డు దాటడానికి తాతగారు వేసే ముందడుగులూ వెనకడుగులూ కలిపితే లెక్క సరిపోతుంది!

కాలిబాట కనీసం 1.8 మీటర్లుండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధన. ఉందిగా! సగం షాపు మెట్లకి, సగం బైకులకి.

ఊరి నడుమ గుడి, మందుల షాపు, కూరల బజారు అన్నీ నాలుగడుగుల్లోనే. అడుగు పెట్టడానికే చోటు లేదు. గుడివాడ శివారు లేఅవుట్లో అయితే రోడ్డు వెడల్పు 40 అడుగులు. నడిచి వెళ్లడానికే దగ్గర్లో ఏమీ లేదు.

అడ్డంకుల్లేని కాలిబాట జీవించే హక్కులో భాగమని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట ఢిల్లీ నుంచి నడిచి వస్తోందేమో, ఇంకా కృష్ణా డెల్టా చేరలేదు!