నీటిగుర్రానికి టీకా తాత్పర్యము

మూలము: జి6, శ-జి7, డి6, ఇ6, గు-ఇ7, గు-డి7, బి6, శ-బి7, ఏ6, హెచ్6.

ప్రతిపదార్థము: జి6 = రాజు వైపు గుర్రం ముందున్న నల్లబంటు ఒక్క గడి కదలగా; శ-జి7 = ఆ సందులో శకటు కూర్చోగా; డి6, ఇ6 = నడిమి బంట్లు ఒక్కో అడుగే వేయగా; గు-ఇ7, గు-డి7 = గుర్రాలు వాటి వెనక చేరగా; బి6, శ-బి7 = మంత్రి వైపూ అదే తంతు కాగా; ఏ6, హెచ్6 = తెల్లపావులు బి5, జి5 గడులకు రాకుండా అడ్డుపడగా. 'అప్పుడు ఆట మొదలగును' అని అధ్యాహారము.

టీక: నీటిగుర్రమనగా హిప్పో అనే జంతువు; చదరంగంలో నల్లపావుల ఈ అమరికకు దాని పేరే. గిద్దలూరు సీమలో ఆ జంతువు లేదు గనుక కంభం చెరువులో ముక్కు మాత్రం పైకి పెట్టి పడుకున్న బర్రె అని అర్థం చెప్పుకోవాలి. మార్కాపురం పలక మీద బలపంతో 64 గళ్లు గీసి పావులు పేర్చితే సంగతి కంటికి ఆనుతుంది. ఆరో వరుసలో ఆరు బంట్లు. ఏడో వరుసలో రెండు శకట్లు, రెండు గుర్రాలు, ఇల్లు కదలని సి, ఎఫ్ బంట్లు.

ఒక్కో అడుగే వేయడం పిరికితనమని కొందరు. అది పొసగదు. మన పాత చదరంగంలో బంటుకు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే. 19వ శతాబ్దంలో కలకత్తాలో కోక్రేన్ అనే ఆటగాడితో ఆడిన మహేశ్చంద్ర బెనర్జీకి ఈ నడక అలవాటే. స్పాస్కీ 1966 ప్రపంచ పోటీలో పెట్రోసియన్ మీద ఈ నీటిగుర్రాన్ని రెండుసార్లు, 12, 16 ఆటల్లో, నల్లపావులతో ఆడాడు, రెండూ డ్రా.

వరుస ఎలా మారినా ఫరవాలేదా? లేదు. ఇ6 పడకముందే గుర్రం డి7 ఎక్కితే, సి4లోని తెల్లశకటు ఎఫ్7 బంటును కొట్టి రాజుకు చెక్ చెబుతుంది. రాజు దాన్ని తింటే తెల్లగుర్రం జి5లో మళ్లీ చెక్. రాజు ఇ8కి వెనక్కి తగ్గితే అదే గుర్రం ఇ6లో దిగుతుంది. సొంతవాళ్ల మధ్యే ఇరుక్కున్న మంత్రికి దారి ఉండదు. మూలకారుడు ఇ6ను ముందు చెప్పింది ఇందుకే.

తాత్పర్యము: తెల్లబంటు ఇ5కి వస్తే డి5, డి5కి వస్తే ఇ5 ఆడి నడుమ మూసేయాలి. తెల్లవాడు ఊరుకుంటే సి5 గానీ ఎఫ్5 గానీ. పులిమేకలో 15 మేకలు మూడు పులులను కట్టేసే తీరే ఇది, కానీ మేకలకు కొట్టే హక్కు లేదు, నల్లవాడికి ఉంది. అది మరచి పావులు ముందుకూ వెనక్కూ జరుపుతూ కూర్చునేవాడికి ఊపిరాడదు.

పాఠాంతరము: కొందరి ఆటలో హెచ్6 లేదు. అప్పుడు తెల్లవాడు శ-ఇ3, మం-డి2 ఆడి, శ-హెచ్6తో జి7 శకటును మార్చుకుంటాడు. హెచ్6 ఉంటే అదే జోడీ ఆ బంటుకు గురిపెడుతుంది. దానికి జి7 శకటుతో పాటు హెచ్8 ఏనుగూ కాపు. కోట కడితే ఏనుగు పక్కకు పోతుంది, బంటు పోతుంది. కనుక ఈ పాఠంలో రాజు చాలాసేపు ఇ8లోనే ఉంటాడు.