తీయకుండానే వచ్చే ఫిల్ములు

రోగి ఇంటికెళ్ళి అన్నం తింటుంటే ఇక్కడ అతని నడుం ఫిల్ము తయారవుతుందట! మా రోజుల్లో ఈ మాట ఎవరైనా అంటే టెక్నీషియన్‌కి జ్వరం తగిలిందనుకునేవాళ్ళం.

ఇప్పుడు దీన్ని సింథటిక్ ఎం.ఆర్.ఐ. అంటున్నారు. స్వీడన్‌లో 2008 ప్రాంతంలో ఇప్పటి రూపంలో మెదడు మీద మొదలై, తర్వాత వెన్నుకి పాకింది. ఒకే స్కాన్‌లో ప్రతి చుక్క దగ్గరా అయస్కాంత సంకేతం సడలే సమయాలు టీ1 ఎంత, టీ2 ఎంత, ప్రోటాన్ సాంద్రత ఎంత అని కొలుచుకుంటుంది. ఇక టీ1 ఫిల్ము, టీ2 ఫిల్ము, కొవ్వుని నల్లబరిచే స్టిర్ ఫిల్ము, అన్నీ కంప్యూటరే లెక్కగట్టి గీసేస్తుంది. స్కాన్ టైములు చెప్పే టీఆర్, టీఈ అంకెలు మౌసుతో అటూ ఇటూ జరుపుతుంటే ఫిల్ములో వెన్ను డిస్క్ కళ్ళముందే తెల్లబడుతుంది, నల్లబడుతుంది. మేం ఆ అంకెలు ముందే పెట్టుకుని, ఒక్కో రకానికీ విడిగా స్కాన్ తీసేవాళ్ళం. పొరబడితే మనిషిని మళ్ళీ సొరంగంలోకి తోయాల్సిందే.

అంతకుముందు మయలోగ్రామ్ అనే తద్దినం ఉండేది. నడుంలో సూది గుచ్చి, వెన్నునీట్లోకి మయొడిల్ అనే నూనెమందు ఎక్కించి, మనిషిని బల్లకి పట్టీలతో కట్టి, బల్లని తలవైపుకి వంచేవాళ్ళం. మందు ఎక్కడ ఆగితే అక్కడ నొక్కుడుందని లెక్క. తర్వాత ఆ నూనెని సూదిలోంచే వెనక్కి లాగాలి. మొత్తం వస్తేగా! ఏళ్ళు గడిచాక ఎక్స్‌రే తీసినా వెన్నులో తెల్లటి చుక్కలు ముత్యాల్లా మిగిలి ఉండేవి. పొరలు వాచి, నరాలు అతుక్కుపోయి నరకం చూసినవాళ్ళూ ఉన్నారు. ఆ పీడ విరగడైనందుకు రెండు చేతులా దణ్ణం పెడతాను, అందులో పేచీ లేదు.

నా పేచీ వేరే. మా పద్ధతిలో రోగి దగ్గితే చెడేది ఒక్క సీక్వెన్సే, అంటే ఒక్క రకం స్కానే. అదొక్కటీ మళ్ళీ తీసేవాళ్ళం. ఇప్పుడు అన్నీ ఒకే కొలతలోంచి పుడతాయి కనక, నొప్పికి ఓర్చుకోలేక మనిషి కాస్త మెదిలాడా, టీ1, టీ2, స్టిర్ మూకుమ్మడిగా చెడతాయి. పైగా గుండె కొట్టుకున్నప్పుడల్లా వెన్నునీరు కదులుతూనే ఉంటుంది. మెడ దగ్గరైతే గుటక కూడా తోడు. ఆ కదలిక ఒక్కోసారి వెన్నులో లేని మచ్చని ఫిల్ములో చూపిస్తుంది.

అనుమానమొస్తే మామూలు టీ2 కూడా తీసి సరిచూడండ్రా అంటాను. "టైం లేదు సార్" అంటాడు కన్సోల్ దగ్గర కుర్రాడు. టైం మిగుల్తుందనేగా నాయనా దీన్ని తెచ్చింది?