వానొస్తోంది, మట్టిని మూసేయండి!

ఇంటిని వానాకాలానికి సిద్ధం చేస్తామనే 'మాన్సూన్ రెడీ' ప్యాకేజీ తీసుకోని ఇల్లు మా కాలనీలో ఇక మాదొక్కటే. రోహిణి కార్తె ఎండకు మాడు పగులుతుండగానే గేటుకు కరపత్రం తగిలించి పోయారు. వాట్సాప్ గ్రూపులో రోజుకొకరు 'మాది అయిపోయింది' అని ఫొటో పెడుతున్నారు. దాని కింద చప్పట్లే చప్పట్లు. రుతుపవనాలు ఇంకా కేరళ గడపే తొక్కలేదు.

ప్యాకేజీలో అన్నీ దండగ అనను. డాబా పగుళ్లు పూడ్చడం, గొట్టాల్లో చేరిన ఆకులు తీయడం ఎప్పుడూ ఉన్న పనులే. మా అమ్మమ్మా చేయించేది. పెంకులు సర్దించి, పిడకలూ కట్టెలూ వసారాలోకి చేర్పించి, పెరటి కాలవలో పూడిక తీయించేది. దానికి 'ప్లాటినం ప్లాన్' అని పేరు పెట్టలేదంతే. తేమ పీల్చే యంత్రం సంగతి పోనివ్వండి. ప్యాకేజీతో ఉచితంగా ఇస్తున్న మట్టి వాసన అత్తరు సీసానూ పోనివ్వండి. మట్టి కనబడకుండా చేసి, వాసన మాత్రం సీసాలో పోసిస్తున్నారు. ఆ పెద్దమనసుకు దండం.

నా కడుపుమంటంతా ఆ ప్యాకేజీలోని ప్లాస్టిక్ గడ్డి మీద.

వాన పడితే వాకిలి బురదవుతుందట. కాబట్టి మిగిలిన కాస్త మట్టినీ కాంక్రీటుతో మూసి, పైన పచ్చటి చాప పరుస్తారు. కొయ్యక్కర్లేదు, నీళ్లు పొయ్యక్కర్లేదు, ఎన్నడూ ఎండదు. ప్రాణముంటే కదా ఎండడానికి!

మా ఎదురింటాయన నిమ్మచెట్టూ మల్లెపొదా పీకించి మరీ ఇది వేయించారు. ఆదివారం పొద్దున్నే దాన్ని వాక్యూమ్ క్లీనరుతో శుభ్రం చేస్తారు. మధ్యాహ్నానికల్లా అరికాలు మోపలేనంతగా కాలిపోతుంది. అప్పుడు పైపు పట్టుకుని చల్లబరుస్తారు. నీళ్లు పొయ్యక్కర్లేని గడ్డికి!

కరపత్రంలో ఇది 'పర్యావరణ హితం' కూడానట. ఈ గడ్డి మేసే మేకను ఒక్కదాన్ని చూపించమనండి. ఆరుద్ర కార్తెలో తడి నేల మీద మఖమల్ ముక్కల్లా పాకే ఎర్ర పురుగులు ఆ కాంక్రీటును చీల్చుకుని ఏ దారిన పైకి రావాలో, ఆ ముక్కా కరపత్రంలో వేయమనండి.

మొన్న ఏప్రిల్లో బోర్లు ఎండాయని ఏడ్చింది ఈ కాలనీయే. లెక్క చూద్దాం. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీళ్లు. 200 గజాల స్థలమంటే సుమారు 167 చదరపు మీటర్లు. 3 సెంటీమీటర్ల వాన ఒక్కటి కురిస్తే 5,000 లీటర్లు. అంటే, మీరు ఫోన్ల మీద ఫోన్లు చేసి, డ్రైవరును బతిమాలి తెప్పించుకున్న ట్యాంకరు ఒకటి. మన హైదరాబాదులో ఏడాదికి ఇంచుమించు 80 సెంటీమీటర్లు పడుతుంది. ఇరవై ఆరు ట్యాంకర్లు! అంతా ఇంకదు, నిజమే. సగం ఇంకినా పదమూడు. పైసా అడక్కుండా ఆకాశం వాకిట్లో పోసిపోతుంటే, ప్లాస్టిక్ పరిచి రోడ్డు మీదికి తోలుతున్నాం.

వాన నీటిని భూమిలోకి ఇంకించాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెప్పనే చెప్పింది. చెబితే? అనుమతి కాగితం కోసం ఇంకుడు గుంత తవ్వారు, ఫొటో తీశారు, కాగితం చేతికి రాగానే పూడ్చారు. ఇప్పుడు దాని మీదా గడ్డే.

రోడ్డు మీదికి తోలిన నీళ్లు ఎక్కడికి పోతాయి? ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. పల్లానికి పోతాయి. నాలా పక్క బస్తీలోకి, మన ఇంట్లో అంట్లు తోమే మనిషి ఇంట్లోకి పోతాయి. 2020 అక్టోబరు 13 నాటి కుండపోతను ఏ వాకిలీ ఆపలేదు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ గంటసేపు వానకే వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలవడం ఆకాశం తప్పు కాదు. చెరువుల్ని ప్లాట్లుగా కోసి అమ్మినవాళ్లది పెద్ద పాపమే. వాళ్లను తిట్టుకుంటూ మన గజం నేలనూ బండ చేసుకోవడం ఏం పుణ్యం? రాత్రంతా బియ్యం డబ్బా మంచమెక్కించి, పిల్లల పుస్తకాలు నెత్తిన పెట్టుకుని నిలబడిన మనిషి మర్నాడు పనికి రాకపోతే, 'చెప్పకుండా మానేసింది' అని అదే గ్రూపులో పెట్టేదీ మనమే. సిగ్గుండాలి.

మిరుగం (మృగశిర కార్తె) నాడు చేపల పులుసు తినండి, ఇంగువా బెల్లమూ తినండి, ఎవరొద్దన్నారు? ఈలోపు ఎక్కడైనా ఒక గడ్డపార అరువు తెచ్చుకోండి. ఆ పచ్చ చాప చుట్టేయండి. కింద కాంక్రీటును నాలుగు చోట్లయినా పగలగొట్టండి. వాకిలి బురదవుతుందంటారా? అవుతుంది. కాళ్లు కడుక్కోండి.