టీవీకి నీలిమందు పెట్టే విధానం

మీ ఇంట్లో ఇంకా ప్లాస్మా టీవీ బతికే ఉందా? అందులో హీరోయిన్ పచ్చకామెర్ల మనిషిలాగానో, విలన్ హోలీ ఆడి వచ్చినవాడిలాగానో కనిపిస్తున్నారా? అయితే మెకానిక్కుకి ఫోన్ చేసే ముందు ఈ నాలుగు ముక్కలూ చదవండి. ఇందులో చెప్పినట్టు చేస్తే మెకానిక్కు అవసరం ఎలాగూ ఉండదు, పాత సామాన్లు కొనే బండి వస్తే చాలు. ఇవన్నీ పేరాలలో మా ఇంట్లో మేం చేతులారా చేసి చూసినవే. మా బావ హైదరాబాదులో ఇల్లు మారుతూ మాకు వదిలేసిన 42 అంగుళాల టీవీ మీద చేశాం.

మొట్టమొదట, రిమోటు ఒక్కరి చేతిలో ఉండనివ్వకండి. ఇంట్లో ఏడుగురుంటే తెలుపు ఏడు రకాలు. ఎవరికి నచ్చిన తెలుపు వాళ్లని పెట్టుకోనివ్వాలి, ఎవరూ తగ్గకూడదు. 1921లో మునిసిపాలిటీ పన్నులు కట్టం పొమ్మని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం కాపురాలు ఎత్తేసి, ఊరి బయట రామనగరంలో పాకల కింద నెలల తరబడి ఉన్న చీరాల పేరాల ఇది. అలాంటి ఊళ్లో పుట్టి, 'కలర్ రెండు పాయింట్లు తగ్గించు' అంటే తగ్గిస్తామా?

రెండోది, కన్ను తిరిగిన పెద్దాయన్ని పిలిచి తీర్పు చెప్పించండి. మాకు పెదనాన్న ఉన్నాడు. తేలియా రుమాళ్ల ఊరు కదా మాది. ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో నూలుని రోజుల తరబడి తొక్కి, నానబెట్టి, ఆరబెట్టి ఎరుపెక్కించిన పనితనం అది. ఆ రుమాళ్లు అరబ్బు దేశాల దాకా పోయాయి. పెదనాన్న ఆ రుమాళ్లు నేసినవాడు కాదు గానీ అద్దకం మీదే బతికాడు. నూలు చిలప చేతికిస్తే లోపల చూడడు. గుమ్మంలోకి పోయి, ఎండలోకి చాపి, రెండు వేళ్లతో పోగులు విడదీసి, 'ఇది నిన్నటి వాయి కాదురా, ఒక పిసరు నలుపు తిరిగింది' అంటాడు. ట్యూబులైటు కింద ఎరుపుని నమ్మినవాడు అద్దకందారే కాదంటాడు. అంతటి మనిషి, రాత్రి ఎనిమిదింటికి ఆ ట్యూబులైటు కిందే తెల్లనూలు చిలప ఒకటి తెచ్చి తెరకి ఆనించి పట్టుకుని, 'పసుపు కొడుతోంది' అని తేల్చేశాడు. నూలుకున్న మర్యాద టీవీకి ఎందుకు?

ఇక్కడొక జాగ్రత్త. రంగు ఎక్కడ తిరిగిందో తెలుసుకునే పని మాత్రం పెట్టుకోవద్దు. రిమోటు మీద మెనూ బటన్ నొక్కితే తెర మీదికి వచ్చే అక్షరాలు టీవీ సొంత అక్షరాలు, సెట్‌టాప్ బాక్సు పంపేవి కావు. అక్షరాలు మల్లెపువ్వులా ఉండి వెనక బొమ్మ ఒక్కటే రంగు తిరిగితే లోపం బాక్సుదో వైరుదో. అక్షరాలకి కూడా అదే రంగు పట్టి ఉంటే టీవీదో, దాని సెట్టింగులదో. ఈ పరీక్షకి పది సెకన్లు చాలు. పది సెకన్లలో తేలిపోతే ఆదివారం సాయంత్రం మొత్తం ఏం చేస్తారు?

వెనక వైర్లున్నాయి చూడండి, ఆకుపచ్చ, నీలం, ఎరుపు. మూడు వైర్లు, మూడు కన్నాలు, లెక్క ప్రకారం ఆరు రకాలుగా గుచ్చొచ్చు. అందులో ఒక్కటే సరైనది. మిగతా ఐదూ చూడకుండా అదే సరైనదని ఎలా నమ్ముతారు? మా బాబాయి ఐదూ చూపించాడు. ఆకుపచ్చ వైరులో పోయేది ఆకుపచ్చ కాదట, బొమ్మ వెలుతురు మొత్తం అందులోనే పోతుందట. అది తీసి పక్క కన్నంలో పెట్టగానే వార్తలు చదివే అమ్మాయి దయ్యమైపోయింది, నాయనమ్మ లేచి దీపం పెట్టింది. కంప్యూటరు వైరు తగిలించుకునేవాళ్లకి ఇంకా వైభోగం. దాని సూదుల్లో ఎరుపుది వంగితే తెర నెమలికంఠం రంగు, ఆకుపచ్చది వంగితే రాణీ రంగు, నీలానిది వంగితే నిమ్మపండు. చీరల కొట్లో పనిచేసినవాళ్లెవరైనా రంగు పేరు చెప్పి ఏ సూది పోయిందో చెప్పేయొచ్చు. చెప్పనివ్వకండి.

వాడరేవు మాకు కూతవేటు దూరం. ఆ ఉప్పుగాలికి ఇత్తడి మీదా, రాగి మీదా చిలుము పట్టకుండా ఉండదు, టీవీ పిన్నులు మాత్రం మినహాయింపా? ప్లగ్గులన్నీ పీకేసి, పొడిగుడ్డతో పిన్నులు తుడిచి, మళ్లీ గట్టిగా గుచ్చితే సగం జబ్బులు పోతాయి. ఈ సంగతి ఇంట్లో చివరివరకూ ఎవరూ ఎత్తకూడదు.

మెనూలో టింట్ అని ఒక మీట ఉంటుంది. పేరు చూస్తే మీ జబ్బుకి మందు అదే అనిపిస్తుంది. బూడిదరంగులో పడుకుని ఉంటుంది, నొక్కితే కదలదు. కదిలేదాకా నొక్కండి. మేం రెండు జతల సెల్లులు అరగదీశాం. తర్వాత తెలిసింది, అది అమెరికా వాళ్ల ప్రసార పద్ధతి కోసం పెట్టిన మీట అని. దారిలో వాళ్ల రంగులు జరిగిపోయేవి, ఇంట్లో కూర్చుని సరిచేసుకోవాలి. మనకి 1982లో రంగుల దూరదర్శన్ వచ్చింది పాల్ పద్ధతిలో. అది గీత విడిచి గీతకి రంగు సంకేతాన్ని తిరగేసి పంపుతుంది కాబట్టి ఒక గీతలో వచ్చిన తేడాని పక్క గీత కొట్టేస్తుంది. అందుకే చాలా సెట్లలో మన ప్రసారం వస్తుంటే ఆ మీట పడుకునే ఉంటుంది.

అయస్కాంతం సంగతి పాతకాలం వాళ్లకి చెప్పనక్కర్లేదు. డబ్బా టీవీ పక్కన స్పీకరు పెడితే ఆ మూల ఊదారంగు తిరిగేది, మెకానిక్కు వచ్చి తీగచుట్ట ఒకటి తెర ముందు గుండ్రంగా తిప్పి పోగొట్టేవాడు. ప్లాస్మాలో అలా దారి తప్పడానికి ఎలక్ట్రాన్ల ధార లేదు. గాజు పలకల మధ్య లక్షల గదులు, వాటిలో నియాన్, జినాన్ వాయువులు. వాటిలోంచి కరెంటు పారగానే కంటికి కనపడని కాంతి పుట్టి, గదికి పూసిన ఎరుపో, ఆకుపచ్చో, నీలమో ఆ పూతని వెలిగిస్తుంది. అయస్కాంతానికి అక్కడ పని లేదు. అయినా బాబాయి తిప్పాడు, ఒక పావుగంట. మీరూ తిప్పండి, చేతికి పని ఉంటుంది. అన్నట్టు 1964లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన మొదటి ప్లాస్మా తెర ఒక్క నారింజ రంగులోనే వెలిగేదట. అదీ టీవీ అంటే, రంగు దగ్గర తగువే లేదు.

ఇప్పుడు అసలు వైద్యానికి వద్దాం, నీలిమందు. ఆ మూడు పూతల్లో ముందు ముసలిదయ్యేది నీలం. అది తగ్గేకొద్దీ తెలుపు పసుపు తిరుగుతుంది, పాత పంచె తిరిగినట్టే. పంచెకి ఏం చేస్తాం? నీళ్లలో నాలుగు చుక్కల నీలిమందు వేసి జాడిస్తాం. పసుపు పోదు, మీద నీలం ఎక్కి కంటికి తెల్లగా కనిపిస్తుంది. టీవీలో ఆ సీసా పేరు 'కూల్'. మెనూలో కూల్, నార్మల్, వార్మ్ అని మూడుంటాయి. మా నాయనమ్మ ఆ మాటకి అర్థం అడిగి తెలుసుకుని, 'ముందే పొయ్యిలా కాలిపోతోంది, చల్లదే పెట్టండర్రా' అంది. ప్లాస్మా ముందు కూర్చుంటే నిజంగానే మొహానికి సెగ తగులుతుంది, ఆవిడ తప్పు లేదు. కూల్ పెట్టాం. తెలుపు తళతళలాడింది. సెగ తగ్గిందని కూడా నాయనమ్మ అంది.

ఈ వైద్యంలో గొప్పతనం ఏంటంటే, ఒకసారి మొదలుపెడితే ఆపే పని ఉండదు. అరిగిన నీలాన్నే ఎక్కువ వెలిగించమంటాం, అది ఇంకా తొందరగా అరుగుతుంది, ఇంకా పసుపు తిరుగుతుంది, ఇంకో చుక్క వేస్తాం. కూల్ అయిపోయాక నీలం గీత విడిగా దొరుకుతుంది, దాన్ని చివరిదాకా లాగండి. మేం లాగిన వారమే టీవీలో 'లవకుశ' వచ్చింది, 1963లో తెలుగులో మొదటి పూర్తి రంగుల సినిమా. రాముడు నీలమేఘశ్యాముడు గనక ఎవరికీ అనుమానం రాలేదు. పెదనాన్నయితే రంగు ఇప్పటికి కుదిరిందన్నాడు. సీతమ్మ వచ్చింది, ఆవిడా నీలమే. వాల్మీకి గడ్డం నీలం. అశ్వమేధం గుర్రం కూడా నీలంగా నడిచొచ్చేసరికి పిల్లలు నవ్వారు, నాయనమ్మ వాళ్ల నెత్తిన ఒకటి మొట్టి మళ్లీ దణ్ణం పెట్టుకుంది.

పాత నలుపు తెలుపు సినిమా మాత్రం పొరపాటున కూడా పెట్టకండి. 1957 నాటి 'మాయాబజార్' ఉంది, రంగులద్ది 2010లో విడుదల చేసింది కాదు, మొదటిది. అందులో ఘటోత్కచుడి మొహం మీద ఏ రంగు కనిపించినా అది మీ టీవీ చలవే, ఇక ఎవరి మీదికీ నెట్టలేరు. బండారం అంతలా బయటపెట్టే పరీక్ష ఇంకోటి లేదు.

వార్తల ఛానెల్ పొద్దస్తమానం నడవనివ్వండి. కింద పరిగెత్తే ఎర్రపట్టీ, మూలన ఛానెల్ గుర్తు, కొన్నాళ్లకి టీవీ కట్టేసినా లీలగా అక్కడే ఉంటాయి.

ఒక్క విషయం తిక్కగా చెప్పను, సూటిగా చెబుతాను. వెనక మూత విప్పొద్దు. లోపల తెరని వెలిగించేది రెండొందల వోల్టుల చుట్టుపక్కల ఉంటుంది, ప్లగ్గు పీకేశాక కూడా కెపాసిటర్లలో కొంతసేపు కాచుకుని కూర్చుంటుంది. బాబాయి స్క్రూ డ్రైవరు పట్టుకొస్తే పిన్ని లాక్కుంది, ఈ కథలో తెలివైన పని అదొక్కటే.

చివరికి తెనాలిలో ఎవరో మంచి పనివాడున్నాడంటే తీసుకెళ్లాం. ఆయన మెనూ నొక్కి అక్షరాలు చూశాడు. 'ఈ నీలం అంతా ఎవరు పోశారండీ?' అని, సెట్టింగులన్నీ కంపెనీ నుంచి వచ్చినప్పటిలాగా పెట్టాడు. పిన్నులు తుడిచాడు. తెలుపు కొంచెం పసుపు కొడుతూనే ఉంది గానీ మనుషులు మనుషుల్లా కనిపించారు. ఆ మాత్రం వయసుకి తప్పదన్నాడు. ప్యానసోనిక్ 2013తో, శాంసంగ్, ఎల్‌జీ ఆ మరుసటి ఏడు ఈ టీవీలు చేయడం మానేశాయి, పేనెల్ కొత్తది దొరకదు, ఉన్నదాన్ని జాగ్రత్తగా చూసుకోండని చెప్పి, నిలబెట్టే తీసుకెళ్లమన్నాడు.

టీవీని ఎప్పుడూ పడుకోబెట్టే తీసుకెళ్లాలి. నిలబెడితే పడిపోతుందని ఎవరికైనా తోస్తుంది. మేం ఆటో ట్రాలీలో గడ్డి పరిచి, పైన దుప్పటి కప్పి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు వెల్లకిలా పడుకోబెట్టాం. బాపట్ల దగ్గర గోతిలో పడ్డప్పుడు టప్‌మని చిన్న చప్పుడొచ్చింది. డబ్బా మూత అనుకున్నాం.

గోడకి టీవీ కోసం కొట్టిన ఇనప బ్రాకెట్టు మిగిలింది. పెదనాన్న దానికి నూలు చిలపలు తగిలిస్తున్నాడు. అది సరిగ్గా వీధిగుమ్మానికి ఎదురుగా ఉంది, పొద్దున ఎనిమిదింటికల్లా దాని మీద ఎండ పడుతుంది.