ఎర్తు పోయిందంతే!

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో మేస్త్రీలను చేతులను బట్టి గుర్తుపట్టొచ్చు. ఇంజను మేస్త్రి వేళ్లకు నల్లటి ఆయిలు, రేడియేటరు మేస్త్రి గోళ్లకు తగరం మరకలు, కమాన్‌కట్టలు బిగించేవాడి అరచేతుల నిండా కాయలు. కరెంటు మేస్త్రిని మాత్రం పాదాలను బట్టే పోల్చుకోవాలి. ఆయనలో బయటికి కనిపించే భాగం అదొక్కటే. తల డాష్‌బోర్డు కింద, వీపు క్లచ్ పెడలు పక్కన, నడుము సీటు అంచున, కాళ్లు తలుపు బయట గాల్లో. పలకరించాలనుకున్నవాళ్లు పాదాలకే నమస్కారం పెట్టుకోవాలి. ఆశీర్వచనం స్టీరింగు లోపలి నుంచి వినిపిస్తుంది.

మిగతా మేస్త్రీలకు తమ మాటకు సాక్ష్యం ఉంటుంది. పిస్టన్ అరిగితే చేతిలో పెట్టి చూపిస్తారు, కమాన్‌కట్ట విరిగితే రెండు ముక్కలూ ఓనరు ముందు పడేస్తారు. కరెంటు మేస్త్రి వ్యాపారమంతా కంటికి కనిపించని సరుకుతో. కరెంటు వస్తోందన్నా ఆయన మాటే, రావడం లేదన్నా ఆయన మాటే. అందుకని ఆయన మాట్లాడేది తక్కువ, నిట్టూర్చేది ఎక్కువ. ఎన్ని నిట్టూర్పులు వినిపించాయో లెక్కపెట్టుకుని ఓనరు జేబు తడుముకుంటాడు.

ఆయన సామాను కూడా పెద్దగా ఉండదు. మెడలో టెస్ట్ ల్యాంపు: ఒక చిన్న బల్బు, దానికి రెండు వైర్లు, ఒక కొసకు క్లిప్పు, రెండో కొసకు సూది. వెనక జేబులో కటింగ్ ప్లేయరు. మణికట్టుకు గాజుల బదులు నల్ల టేపు చుట్ట. ఇక వైరు తొక్క తీయడానికి దేవుడిచ్చిన పళ్లున్నాయి. ముందు పన్నొకదానికి ఏళ్ల తరబడి వైరు ఒరుసుకుని చిన్న గాడి పడి ఉంటుంది. ఆ గాడిలో పట్టే వైరే బండిలో వేస్తాడని గిట్టనివాళ్లు అంటారు.

ఈ మేస్త్రి ప్రతిభ చూడాలంటే పాత పికప్పు రావాలి. 2005లో టాటా ఏస్ దిగకముందు నుంచీ తిరుగుతున్న బళ్లు ఇంకా రోడ్డు మీదున్నాయి. ఎండాకాలం నూజివీడు తోటల నుంచి నున్న మార్కెట్‌కు మామిడికాయలు, ఆ సీజను అయ్యాక కైకలూరు వైపు నుంచి చేపల ట్రేలు, మధ్యలో పెళ్లిళ్లకు షామియానాలు, చవితికి వినాయకుళ్లు. ట్రేల నుంచి కారే ఐసు నీళ్లు కింద ఛాసిస్‌ను తినేస్తాయి. ఇంజను వేడికి వైరు తొడుగు పెళుసెక్కి, ముట్టుకుంటే రాలిపోతుంది. రేకు కన్నాల్లో ఉండాల్సిన రబ్బరు బుష్షులు ఎప్పుడో ఊడిపోయాయి కాబట్టి, బండి కుదుపుకు ఆ రేకు అంచు వైరును కోస్తూనే ఉంటుంది. బయటపడిన రాగికి పచ్చటి చిలుము. ఇవి చాలవన్నట్టు మామిడి వాసనకు ఎక్కిన ఎలుక, పండు వదిలేసి వైరు కొరుకుతుంది.

ఇంత జరిగినా బండి ఆగదు. అసలు తిరకాసు అక్కడే ఉంది. పెట్రోలు ఇంజనుకు నిమిషానికి వేలసార్లు నిప్పురవ్వ అందాలి. పాత డీజిలు ఇంజనుకు ఆ బాధ లేదు. గాలిని అదిమినప్పుడు పుట్టే వేడికే డీజిలు అంటుకుంటుంది, పంపు ఇంజనుతో పాటే తిరుగుతుంది. ఒకసారి అందుకుందంటే చాలు, ఆ తర్వాత కరెంటుతో ఇంజనుకు దాదాపు పనే ఉండదు. కాబట్టి ఓనరు లెక్కలో వైరింగనేది అలంకారం. హారను మోగకపోతే క్లీనరు అరుస్తాడు. ఇండికేటరు వెలగకపోతే చెయ్యి బయట పెడతాడు. వైపరు తిరగకపోతే తల బయట పెడతాడు. సెల్ఫ్ పట్టకపోతే పుణ్యానికి ఊరు ఊరంతా తోస్తుంది. ఈ నాలుగు దారులూ మూసుకుపోయిన రోజున మేస్త్రి గుర్తొస్తాడు.

మేస్త్రి వచ్చి డాష్‌బోర్డు కింద ప్లాస్టిక్కు ఊడదీస్తాడు. అక్కడ కనిపించే వైర్ల గుత్తి పాత ఊరి పొలం దస్తావేజు లాంటిది. కంపెనీ ఇచ్చిన అసలు హక్కుపత్రం ఎక్కడో అడుగున ఉంటుంది. దాని మీద మొదటి ఓనరు టేప్‌రికార్డరు కోసం లాక్కున్న వాటా, రెండో ఓనరు ఫాగ్‌లైట్లు, మూడో ఓనరు రివర్సులో వాయించే పాట, నాలుగో ఓనరు ఫోను చార్జరు. ఎవడు ఎవడి గట్టు జరిపాడో తేల్చడం తహసీల్దారు వల్ల కూడా కాదు. మేస్త్రి కాసేపు తేరిపార చూసి, మొదటి నిట్టూర్పు విడిచి, అడగాల్సిన ప్రశ్న అడుగుతాడు.

"ఎవడు చేశాడండీ ఈ పని?"

జవాబు కోసం అడిగే ప్రశ్న కాదిది. ఇది పనికి ముందు కొట్టే కొబ్బరికాయ. ఓనరు కూడా ఆ సంప్రదాయం తెలిసినవాడే గనక పేరు చెప్పడు. "ఎవరో మేస్త్రీ... దారిలో ఆగిపోతే... ఏలూరు దగ్గర" అని నసుగుతాడు. "అదీ, అనుకున్నా" అంటాడు మేస్త్రి. ఏలూరు వెళ్లి అక్కడి మేస్త్రిని అడిగి చూడండి. ఆయన దగ్గరికొచ్చే బళ్లన్నీ బెజవాడలో పాడయినవే.

ఆ తర్వాత రోగనిర్ణయం.

"బ్రేకు తొక్కితే ఇండికేటరు వెలుగుతోంది మేస్త్రీ."

"ఎర్తు."

"హెడ్‌లైట్లు వేస్తే హారను నీరసంగా అంటోంది."

"ఎర్తే."

"మా బావమరిది తీసుకెళ్లిన డబ్బులు తిరిగివ్వట్లేదు."

"రిటన్ రావట్లేదంటే అదీ ఎర్తే బాబూ."

వినడానికి వేళాకోళంగా ఉంటుంది గానీ, చాలాసార్లు ఆయన మాటే నిజమవుతుంది. ఇంట్లో కరెంటు పోవడానికి ఒక వైరు, రావడానికి ఒక వైరు ఉంటాయి. బండిలో పోవడానికే వైరు, వెనక్కి రావడానికి బండి రేకే దారి. బ్యాటరీ నెగటివ్ కొసను ఛాసిస్‌కు బోల్టుతో బిగించేస్తారు. ఒక్కో లైటు దగ్గరా ఒక్కో నల్ల వైరును రేకుకు బిగిస్తారు. ఆ బిగించిన చోట తుప్పు పట్టినా, పెయింటరు ఉత్సాహం కొద్దీ రంగు పూసేసినా దారి మూసుకుపోతుంది. కరెంటు మాత్రం ఊరుకోదు. బ్రేకు లైటు దాకా వచ్చి, ఇంటికి పోయే తోవ లేక, పక్కనున్న ఇండికేటరు బల్బులోంచి దూరి పోతుంది. తొక్కింది బ్రేకు, కన్నుకొట్టింది ఇండికేటరు. వెనకొచ్చేవాడు పక్కకు తిరుగుతున్నావనుకుని సూటిగా వచ్చి గుద్దుతాడు.

దీనికి వైద్యమల్లా ఆ బోల్టు విప్పి, కిందున్న తుప్పును గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగించడం. పది నిమిషాల పని. కానీ పది నిమిషాల పనికి, అందులోనూ కొత్త సామాను ఏదీ వెయ్యని పనికి, డబ్బులివ్వడానికి ఓనరుకు చెయ్యి రాదు. ఈ మనస్తత్వం మేస్త్రికి కంఠోపాఠం. అందుకే బోల్టు బిగించాక కూడా మరో గంట డాష్‌బోర్డు కిందే ఉంటాడు. మధ్యలో పాదాలు కదలడం మానేసి సన్నగా గురక వినిపిస్తే, అది కూడా బిల్లులో భాగమే.

ఆయనకు నిజంగా కోపం వచ్చేది ఫ్యూజు బాక్సు మూత తీసినప్పుడు. కంపెనీవాళ్లు పాపం చదువురానివాడికి కూడా తెలిసేలా రంగులు పెట్టారు. 10 ఆంపియర్లది ఎరుపు, 15ది నీలం, 20ది పసుపు, 30ది ఆకుపచ్చ. మన పికప్పులో ఈ రంగులేవీ కనిపించవు. ఒకచోట సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం, ఒకచోట మెలితిప్పిన రాగి తీగ, ఇంకోచోట జడపిన్ను. జడపిన్ను ఎవరిదని మేస్త్రి అడగడు. వృత్తి మర్యాద.

"మాటిమాటికీ పోతోంది మేస్త్రీ, అందుకని గట్టిది వేశా."

"ఫ్యూజు పెట్టింది బల్బు కోసం కాదయ్యా, వైరు కోసం. అది పోతే పది రూపాయలు. అది పోకపోతే బండి."

తర్వాత హెడ్‌లైట్ల విచారణ. ఉండాల్సింది 60/55 వాట్ల బల్బులు. ఓనరు వేయించింది 100/90. రెండు అరవై వాట్ల బల్బులు 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు లాగుతాయి. వందవి రెండు పెడితే 16 దాటుతుంది. ఆ మోతనంతా స్టీరింగు పక్కనున్న చిన్న స్విచ్చు మీద వేస్తే అది మెత్తబడి, కరిగి, చివరికి వాసనొస్తుంది. "రిలే ఏదయ్యా?" అని గర్జిస్తాడు మేస్త్రి. 85, 86 కాళ్లకు స్విచ్చు నుంచి కొద్దిపాటి కరెంటు, 30 నుంచి 87కి బ్యాటరీ నుంచి అసలు కరెంటు. సొంత ఫోను నంబరు అడిగితే తడబడతాడు గానీ ఈ నాలుగు నంబర్లూ నిద్రలో లేపినా చెబుతాడు. "స్విచ్చు మాట చెబుతుందంతే. బరువు మోయాల్సింది రిలే" అని ముగిస్తాడు. పక్కనే స్టెప్నీ మోస్తూ నిలబడ్డ శిష్యుడికి ఈ సూత్రం వెంటనే బోధపడుతుంది.

ఆ కుర్రాడి చదువంతా టార్చిలైటు పట్టుకోవడంతో మొదలవుతుంది.

"ఒరేయ్, లైటు ఇటు పెట్టరా."

"ఇటే పెట్టా మేస్త్రీ."

"నేను చూసేవైపు పెట్టరా!"

"మీరెటు చూస్తున్నారో కనబడట్లేదు మేస్త్రీ, అటు లైటు లేదుగా."

ఇంకెంతసేపని ఓనరు అడిగితే వచ్చే జవాబు ఒకటే: "అయిపోయిందండీ, టేపు చుట్టడమే." పొద్దున పదకొండింటికి అన్న ఈ మాట దీపాలు పెట్టేవేళకు కూడా చెక్కుచెదరదు.

కంపెనీ వైర్లకు ఒక్కో పనికి ఒక్కో రంగు ఉంటుంది, కొన్నింటికి పక్కన గీత కూడా ఉంటుంది. మేస్త్రికి ఆ పట్టింపుల్లేవు. కొట్లో ఏ చుట్ట చవగ్గా దొరికితే ఆ ఏడాది ఆ రంగు. ఎరుపు చుట్ట కొన్న ఏడు ఆయన చేతిలో పడ్డ బళ్లన్నిటికీ లోపలంతా ఎరుపే.

"అన్నీ ఒకే రంగయితే ఏది దేనిదో ఎలా తెలుస్తుంది మేస్త్రీ?"

"నాకు తెలుసుగా."

వ్యాపార రహస్యమంతా ఆ రెండు మాటల్లో ఉంది. ఇక ఆ బండి రిజిస్ట్రేషను ఓనరు పేరు మీద, వైరింగు మేస్త్రి పేరు మీద. ఒక్కోసారి ఏలూరువాణ్ని తిడుతూ పాత టేపు విప్పుతుంటే లోపల తన సొంత మెలికే కనిపిస్తుంది. దస్తూరీ దాగదు. క్షణం సేపు మౌనం పాటించి, "జాయింటు మాత్రం ఉక్కండీ. తర్వాత ఎవడో కెలికాడు" అని తీర్పు చెప్పి, దాని మీదే మళ్లీ టేపు చుట్టేస్తాడు.

2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త బళ్లలో కంప్యూటరు లేనిదే ఇంజను దగ్గదు. అక్కడ ఎక్కడపడితే అక్కడ టెస్ట్ ల్యాంపు పొడిస్తే, ఆ బల్బు లాగే కరెంటుకే ఆ కంప్యూటరు దెబ్బతినొచ్చు. పక్క షెడ్డు కుర్రాడు స్కానరు కొన్నాడు. మేస్త్రి దాన్ని చేత్తో ముట్టుకోకుండా చూసి పెదవి విరిచాడు. "కోడు చెబుతుంది సరే. కోడు చెప్పాక కింద పడుకునేదెవరు?" కాదనలేం. తెగిన వైరు ఏ మలుపులో తెగిందో ఏ స్కానరూ చెప్పదు.

ఇలా నెట్టుకొస్తున్న పికప్పుకు గండమంటే ఫిట్‌నెస్సు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండిని ఏటా చూపించాల్సిందే. ముందురోజు సాయంత్రం ఓనరు వచ్చి, "రేపు ఒక్క పూట అన్నీ వెలగాలి మేస్త్రీ" అని ప్రాధేయపడతాడు. మేస్త్రి ఒక్క పూటకు వెలిగిస్తాడు. ఆ పూట దాటి ఒక్క నిమిషం కూడా వెలగవు. లెక్కంటే లెక్కే. ఇలా కొన్నేళ్లు గడిచాక, ఒక రాత్రి స్టీరింగు కింద నుంచి పొగొస్తుంది. జడపిన్ను చల్లగా ఉంది, వైరు కాలింది. ఆ రాత్రి ఓనరుకు జ్ఞానోదయమై "ఫుల్ వైరింగ్ చేసెయ్ మేస్త్రీ" అంటాడు.

అప్పుడు చూడాలి ఆయన్ని. పాత గుత్తినంతా బయటికి లాగి నేల మీద పరుస్తాడు. ఎక్కడా మొదలవకుండా, ఎక్కడా ముగియకుండా ఉన్న వైర్లే సగం. కొత్తదానికి లైట్లకు లావు వైరు, మీటరుకు సన్నది, రంగు రంగుకో చుట్ట, కన్నం కన్నానికో బుష్షు. కొసకొసకూ లగ్గు నొక్కి, సోల్డరు పెట్టి, స్లీవు తొడుగుతాడు. పళ్లు వాడడు. నిట్టూర్చడు. కునుకు తీయడు. ఏ స్విచ్చు వేస్తే ఆ లైటే వెలుగుతుంది. తాళం తిప్పగానే బండి మొదటిసారికే అందుకుంటుంది.

ఓనరు మొహంలో మాత్రం సంతోషం లేదు. ఇదివరకు ఈ బండి స్టార్టవ్వాలంటే వైపరు స్విచ్చు సగం తిప్పి, తాళం అదిమిపట్టి, డాష్‌బోర్డు మీద ఎడంవైపు ఒక్కటివ్వాలి. ఆ కిటుకు తెలియక దొంగ కూడా దణ్ణం పెట్టి వెళ్లిపోయేవాడు.

"అంటే ఇక ఎవడు తాళం తిప్పినా స్టార్టయిపోతుందా?"

"అయిపోతుంది."

"మా బావమరిది తిప్పినా?"

మేస్త్రికి సమస్య లోతు అర్థమైంది. సీటు కింద ఎవరికీ తెలియని దొంగ స్విచ్చొకటి పెట్టాలి. పన్లో పనిగా దుర్గమ్మ ఫొటో చుట్టూ తిరిగే లైట్లకు, బావిలో కప్పలా కాక గట్టిగా మోగే కొత్త హారనుకు, వెనక ట్రేల మీద బల్బుకు కూడా కనెక్షను కావాలి. మేస్త్రి తను కట్టిన గుత్తి వంక ఒక్కసారి చూసి, రోజంతా దాచుకున్న నిట్టూర్పు విడిచి, ఓ వైరు లాగి పళ్ల మధ్య పెట్టుకున్నాడు. టేపు చుట్టడం అయ్యాక ఓనరును దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు.

"రేపు ఏలూరులో ఎవడైనా ఇది విప్పి, ఎవడు చేశాడని అడిగితే, కంపెనీ నుంచే ఇలా వచ్చిందని చెప్పు."