సిద్ధాంతరీత్యా సురక్షితం

“ఇది కేవలం సిద్ధాంతపరమైన లోపం, ఆచరణలో జరిగేది కాదు.” నిపుణుడు ఈ మాట అన్నాక మనం నిశ్చింతగా పడుకోవచ్చు. లేపే పని దొంగ చూసుకుంటాడు.

లినక్స్ కెర్నెల్‌లో అలాంటి లోపానికే లోకం ‘డర్టీ కౌ’ అని పేరు పెట్టింది కనుక, ఆవు వ్యాసం రాయక తప్పడం లేదు.

చదవడానికే అనుమతి ఉన్న ఫైలును ఎవరైనా మెమరీలోకి మ్యాప్ చేసుకుని దాని మీద రాయబోతే, కెర్నెల్ అసలును ముట్టుకోనివ్వదు. తహసీల్దార్ ఆఫీసులో రికార్డు దాచి నకలు ఇచ్చినట్టు, ఓ కాపీ తీసి చేతిలో పెడుతుంది. ‘కాపీ ఆన్ రైట్’, పొట్టిగా ‘కౌ’ అనే ఈ పద్ధతి భేషుగ్గానే ఉంది. అయితే నకలు తీయడం ఒక అడుగు, దాని మీద రాయడం మరో అడుగు. ఈ రెంటి మధ్యలో అదే ప్రోగ్రాంలోని ఇంకో థ్రెడ్ దూరి “ఆ నకలు అక్కర్లేదు, పారేయండి” అంటుంది. కెర్నెల్ వినయంగా పారేస్తుంది. ‘వచ్చినవాడు రాయడానికి వచ్చాడు’ అన్న గుర్తును నకలు ఇచ్చినప్పుడే కొట్టేసింది కాబట్టి, ఈసారి చదువుకోడానికే వచ్చాడనుకుని అసలు పేజీనే అందిస్తుంది. కలం మాత్రం వాడి చేతిలోనే ఉంది! సిస్టం ఫైళ్లనే తిరగరాసి, మామూలు యూజర్ కాస్తా సర్వాధికారాలున్న రూట్ అయి కూర్చుంటాడు.

ఆ రెప్పపాటు సందు దొరకడం అరుదే. మనిషైతే నాలుగుసార్లు చూసి విసిగిపోతాడు. లూపులో పెట్టిన ప్రోగ్రాంకు విసుగు రాదన్న సంగతి, కంప్యూటర్లతోనే బతికేవాళ్లకు ఎవరు చెప్పాలి?

2005లోనే లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దీనికో మరమ్మతు చేశాడు. ఐబీఎం మెయిన్‌ఫ్రేముల ఎస్390 మీద అది ఇబ్బంది పెట్టిందని తీసేశారు. ఎస్390 ఇబ్బంది తర్వాత తీరిపోయింది గానీ తీసేసిన మరమ్మతు ఊసు ఎవరూ ఎత్తలేదు. చివరికి 2016 అక్టోబరులో, ఈ లోపంతో నిజంగానే దాడులు జరుగుతున్నాయని తేలాక గానీ దిద్దుబాటు రాలేదు. అప్పట్లో సిద్ధాంతానికే పరిమితమైన ఈ థ్రెడ్ల మధ్య రేసు ఇప్పుడు తేలికైపోయిందని టోర్వాల్డ్సే రాశాడు. అందరి కళ్లూ పడే కోడ్‌లో బగ్ దాగలేదని ఓపెన్ సోర్స్ భక్తుల నమ్మకం. నిజమే, దాగలేదు. దొంగ కళ్లు ముందు పడ్డాయి, అంతే.

ఇంతకీ ఆ దిద్దుబాటు ఎంత? రాయడానికి వచ్చాడన్న గుర్తు కొట్టేయకుండా ఉంచి, నకలు ఇచ్చామని పక్కన మరో గుర్తు పెట్టి, ఆ నకలు ఇంకా ఉందో లేదో చూసుకోవడం. కొద్ది లైన్ల కోడ్. అందులోనూ పెద్ద సైజు పేజీల దగ్గర సందు మిగిలిపోయిందని 2017 నవంబరులో బయటపడింది.

అదే ఏడాది సెప్టెంబరులో, లినక్స్ కెర్నెల్ మీదే నడిచే ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇదే లోపాన్ని వాడుకునే ‘జడ్‌ఎన్‌ఐయూ’ అనే మాల్వేర్ దొరికింది. బాధితుల్లో ఎక్కువమంది చైనాలో, మన దేశంలో. కెర్నెల్‌కు మందు వచ్చి అప్పటికి దాదాపు ఏడాది. కానీ ఆ మందు మన జేబులోకి రావాలంటే ఫోన్ కంపెనీ దయ తలచాలి. కొత్త మోడల్ అమ్ముకునే హడావిడిలో పాతదానికి అప్‌డేట్ పంపే తీరిక ఎవరికుంటుంది? అలాంటి ఫోన్‌లో లోపమే నిజం, మరమ్మతే సిద్ధాంతం.